తేల్చుకునే ఎత్తు: 3,390

దినం 1

పరీక్షకు కూర్చునేవాళ్లు దినచర్య రాయాలని రూలు పెట్టారు. రోజూ రాసే ఓపిక నాకు లేదు. ఏదైనా జరిగిన రోజు రాస్తాను. నా పేరు గొర్లె దాలమ్మ. వయసు ముప్పై ఎనిమిది. ఊరు చుక్కలమెట్ట. పదిహేడేళ్లుగా మా రన్‌వే పక్క షెడ్డులో తూనీగలకు చార్జింగు పెట్టడం నా పని. తూనీగ అంటే ఇద్దరు మనుషులూ నాలుగు బస్తాలూ పట్టే చిన్న విమానం. ఇన్నాళ్లూ మా మెట్టలో దాన్ని నడిపేవాళ్లంటూ లేరు. అదే వచ్చి దిగేది, చార్జింగు నిండాక నేను వీపు తడితే అదే ఎగిరిపోయేది.

దానికి దారి చెప్పేవి ఆకాశంలో తిరిగే పాత ఉపగ్రహాలు. వాటిని పంపినవాళ్లు ఏనాడో పోయారు. మా అమ్మ రోజుల్లో ఏ వేళ చూసినా తలమీద పది ఉండేవట. ఇప్పుడు ఐదు. నాలుగున్నా తూనీగ తానెక్కడుందో లెక్క కట్టుకోగలదు. మూడుకు దిగితే దానికి కళ్లకు గంతలు కట్టినట్టే. మెట్టల కింద ఏడాది పొడుగునా తెల్లటి మబ్బే కాబట్టి కిందికి చూసినా లాభం లేదు. ఆ మబ్బును మేం పాలవెల్లి అంటాం. ఒక్కోరోజు అది రన్‌వే దాటి లేచి మా వంటింట్లోకి కూడా వస్తుంది.

అందుకని దారుల సంఘంవాళ్లు కాగితం పంపారు. మబ్బులో రేడియో చూపే దారి గీతనూ ఎత్తు చెప్పే ఆల్టిమీటర్‌నూ నమ్ముకుని విమానం నడపగల మనిషి ప్రతి మెట్టకూ ఒకరుండాలి. వంద రోజుల్లో పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే ఆ మెట్టకు దారి మూసేస్తారు. అంటే మా రెండువందల పన్నెండు మందినీ ఏడు మెట్టలకు పంచేస్తారు. ఎవరెక్కడికో రాసిన జాబితా కూడా సావిడి గోడకు అతికించారు. మా వదిన రవణమ్మ పేరు కొర్లమెట్ట కింద ఉంది. నా పేరు జీలుగుమెట్ట కింద ఉంది. మా అన్న పోయాక ఆరేళ్లుగా మేమిద్దరం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. జీలుగుమెట్ట నుంచి కొర్లమెట్టకు దారి లేదు.

నలుగురం పేర్లిచ్చాం. పాఠాల పుస్తకం తెరిచిన మర్నాడు ముగ్గురు చల్లగా జారుకున్నారు.

దినం 9

మాస్టారు వచ్చారు. మజ్జి కూర్మారావు గారు, పెద్దమెట్ట మనిషి, డెబ్బై దాటాయి. పాఠం చెప్పేదీ ఆయనే, పరీక్ష పెట్టేదీ ఆయనే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తలమీద దుప్పటి కప్పి, అంకెలు చదవడం మొదలుపెట్టారు. విమానం ఎంత ఎత్తులో ఉందో ఆయన చెబుతారు, ఏం చేస్తానో నేను చెప్పాలి.

దిగే దారి గీసిన చార్టులో మా మెట్టకు ఒక అంకె ఉంది. 3,390 అడుగులు. దాన్ని తేల్చుకునే ఎత్తు అంటారు. మబ్బులో దిగుతూ దిగుతూ ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి రన్‌వే దీపాలు కంటికి కనబడాలి. కనబడితే దిగొచ్చు. లేకపోతే ఆ క్షణంలోనే పైకెక్కిపోవాలి.

“మూడువేల నాలుగు వందలు. దీపాల్లేవు,” అన్నారు మాస్టారు.

“దిగుతున్నానండీ.”

“మూడువేల మూడువందల తొంభై. దీపాల్లేవు.”

“ఇంకొక్క పదడుగులు చూస్తానండీ.”

ఆయన దుప్పటి లాగేశారు. “చచ్చిపోయావమ్మా. లేచెళ్లి మంచినీళ్లు తాగు.”

రోజంతా ఇదే తంతు. పదకొండుసార్లు చచ్చిపోయాను. నాకు ఒళ్లు మండింది. “పదడుగులకేం మునిగిపోతుంది మాస్టారూ?” అన్నాను. “ఏం మునుగుతుందో నువ్వే చెప్పాలి. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకునేదాకా నీకు పాఠం లేదు,” అని ఆయన పడుకోవడానికి వెళ్లిపోయారు.

తప్పు పూర్తిగా నాదే అనను. పాలవెల్లి కమ్మిన కొత్తలో కింద ఊళ్ల జనం మెట్టలెక్కి వస్తే చుట్టుపక్కలవాళ్లంతా పొమ్మన్నారట. మా తాతలు మాత్రం ఒక్కరినీ పొమ్మనలేదు. అప్పట్నుంచి మా మెట్టలో వచ్చేవాణ్ణి రావద్దనకూడదు. గుమ్మం దాకా వచ్చినవాడు తిరిగిపోకూడదు. తిరిగిపోతే ఇంటివాళ్ల మొహాన ఉమ్మేసినట్టు. పాలు తాగే వయసు నుంచీ ఇదే వింటూ పెరిగినదాన్ని, దిగబోతూ దిగబోతూ వెనక్కి పొమ్మంటే నా నోరెలా తిరుగుతుంది?

దినం 23

పన్నెండు రోజులు పుస్తకంతో కుస్తీ పట్టాను. చివరికి చార్టు వెనక అట్టకు అంటుకుపోయిన కాగితం ఒకటి ఆవిరి పట్టి విడదీస్తే, అందులో ఉంది మొత్తం. చేతిరాత. అరవై మూడేళ్ల కిందటిది.

“రన్‌వేకు మైలు ముందు గట్టు మీద మద్దిచెట్టు. చెట్టు పొడవు 48 అడుగులు; దాని చివర 3,118 అడుగుల ఎత్తు. దానికీ విమానానికీ వదలవలసిన ఖాళీ 150. ఆల్టిమీటర్ తప్పు చెబితే అందుకు 32. పైకెక్కాలని లాగిన తర్వాత కూడా విమానం ఇంకొంత దిగుతుంది, అందుకు 40.”

కూడి చూశాను. 3,340 వచ్చింది. మళ్లీ కూడాను, అంతే. యాభై ఎక్కువగా ఎందుకు వేశారో అర్థం కాలేదు. కాగితం కిందికంటా మడత విప్పితే ఇంకొక్క వాక్యం ఉంది.

“చెట్టు ఇంకా లేతది. ఎదుగుదలకు 50.”

కింద రెండు సంతకాలు. కె. నాగభూషణం, ఎస్. మేరీరత్నం.

ఎంతసేపు అలా కూర్చుండిపోయానో తెలియదు, అన్నం మాడిందని వదిన కేకలేసేదాకా. ఎదిగాక వాళ్లు చూడబోని చెట్టు. వాళ్లకు తెలియని మనిషి. ఆ మనిషి ఎప్పుడో మబ్బులో గుడ్డిగా వస్తుందని, అప్పటికి చెట్టు ఎదిగి ఉంటుందని, ఒక యాభై అడుగులు పక్కన పెట్టి పోయారు.

దినం 31

అబద్ధమో నిజమో చూసి రావాలనిపించింది. వదిన తోడు వస్తానంది. ఆవిడ మా మెట్టకు చూపరి. అంటే రన్‌వే పక్క గుడిసెలో రేడియో పట్టుకుని, పైన వచ్చే విమానాన్ని చూసి కబురు చెప్పే మనిషి. షెడ్డుకూ గుడిసెకూ నడుమ నేను రోజూ పదిసార్లు తిరుగుతాను గానీ, గట్టు వైపు దిగడం ఇద్దరికీ ఇదే మొదలు.

పాలవెల్లిలోకి దిగాక పక్కనున్న వదిన మాట తప్ప మనిషి లేదు. నడుములకు తాడు కట్టుకున్నాం. చేత్తో తడిమి తడిమి చెట్టు పట్టుకున్నాం. నేనెక్కాను. తడిసిన బెరడు, జారుతోంది. కొమ్మా కొమ్మా పట్టుకుని ఎక్కీ ఎక్కీ, ఇక కొమ్మ వంగుతోందనగా ఆగి, రాయి కట్టిన తాడు వదిలాను.

“తగిలింది, నేలకి తగిలింది!” అని కింద నుంచి వదిన అరిచింది.

దిగి కొలిచాం. తాడుకు పైన మిగిలిన చెట్టు కొస కూడా కలుపుకుని యాభైతొమ్మిదిన్నర మూరలు. ఎనభై తొమ్మిది అడుగులు. కాగితంలో అప్పటి చెట్టు నలభై ఎనిమిది. అరవై మూడేళ్లలో నలభై ఒక్క అడుగులు ఎదిగింది. వాళ్లు యాభై ఇచ్చారు. ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయి.

నాకు ఒళ్లు జలదరించింది. చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడిపోయాను. “ఒలే, జొరం గాని తగిలిందేటి?” అని వదిన నా నుదురు పట్టుకుని చూసింది. జ్వరం కాదు వదినా, అన్నాను. ఏమిటో చెప్పబోతే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మాస్టారు కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. “మూడువేల మూడువందల తొంభై, దీపాల్లేవు,” అన్నారు. ఎక్కిపోతున్నానన్నాను. ఆయన దుప్పటి మెల్లగా తీసి మడతపెట్టారు.

దినం 52

ఒక ఉపగ్రహం పోయింది. ఇక నాలుగు.

ఇవాళ మొదటిసారి నా చేత్తో మబ్బు దాటించాను. లోపల ఉన్నంతసేపూ విమానం పక్కకు ఒరిగిపోతోందని ఒళ్లంతా గోలపెట్టింది. ఎదురుగా పరికరంలో ముల్లు మాత్రం తిన్నగానే ఉందంటోంది. “ముల్లునే నమ్ము. ఒరిగావో లేదో చెప్పే నీ లోచెవి అబద్ధాలకోరు,” అన్నారు మాస్టారు. నమ్మాను. ఉన్నట్టుండి తెల్లదనం చిరిగి పైకి వచ్చేశాం. ఎండ, నీలం, కిందంతా వెలుగుతున్న పాలవెల్లి, దూరాన నాలుగైదు మెట్టలు. ఆ మెట్టల్లో ఒకదాని మీద మా ఇల్లు. నేను నోరు తెరిచి చూస్తుంటే, “చూడమ్మా, చూడు. నేను నలభై ఏళ్లుగా చూస్తున్నా ఇంకా తనివి తీరలేదు,” అన్నారు.

దినం 61

ఈ రోజు సంగతి రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పోయినేడు పిట్టమెట్ట నుంచి సన్యాసిరావు అనే ఆయన చేత్తో నడుపుకుంటూ మొదటిసారి మా మెట్టకు వచ్చాడు. మబ్బు పల్చగా ఉన్న రోజు. రివాజు ప్రకారం ముందు రన్‌వే మీదుగా ఒకసారి దాటి, దూరంగా వెళ్లి, తిరిగి దిగడానికి వచ్చాడు. తలమీద దాటుతున్నప్పుడు వదిన ఆయన దీపం చూసింది. రేడియోలో “అగుపించినావు, రా నాయనా” అంది. ఆయన వచ్చాడు. రన్‌వేకు ఇవతల రాళ్లకు కొట్టుకున్నాడు. “ఆయన దీపం కళ్లారా సూసినాను, ఎలా పోనాడో తెలీదు,” అని వదిన నాతో ఒక్కసారి అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మధ్యాహ్నం దోమతెర ఉతికి ఆరేసి, నేను కింద పడుకుని చదువుకుంటున్నాను. తెర సగం నాకు ఎదురుగా వేలాడుతోంది. సూటిగా చూస్తే అవతల గోడ, గోడవారనున్న చేట, చేటలో బియ్యం అన్నీ కనిపిస్తున్నాయి. తల తిప్పి తెర వెంబడి ఏటవాలుగా చూశాను. తెలుపు తప్ప ఏమీ లేదు. అదే తెర.

గబుక్కున లేచి కూర్చున్నాను. ఆనందం పట్టలేక వదినను పిలిచి చూపించాను. “ఇదిగో, ఇలా చూడు, ఇప్పుడిలా చూడు. నువ్వు నిలువుగా పైకి చూస్తావు, మబ్బు మందం కొంచెమే. దిగేవాడు ఏటవాలుగా చూస్తాడు, వాడికి అదే మబ్బు నాలుగింతలు అడ్డం. నీకు వాడు కనబడ్డా, వాడికి దీపాలు కనబడవు!”

నా తెలివికి నేనే మురిసిపోతూ తిరిగి చూశాను. వదిన తెర పట్టుకుని ఒకసారి అలా, ఒకసారి ఇలా చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అయితే దాలమ్మా,” అంది, “సన్నాసిరావుకి దీపాలు అగుపడనేదా? నాను రమ్మన్నాననేటి వొచ్చినాడు?”

అప్పటిదాకా నాకు ఆ మనిషి గుర్తే లేడు. బుద్ధి ఉన్నదాన్నైతే ముందు ఆలోచించి తర్వాత పిలిచేదాన్ని.

దినం 66

వదిన నాతో మాట్లాడడం లేదు. వండి పెడుతోంది, తను తినడం లేదు. సందేళ దాకా రన్‌వే మొదట్లో ఒక్కర్తీ నిలబడి దీపాల వరస వైపు చూస్తోంది.

దినం 80

మూడు. పొద్దున రావలసిన తూనీగ రాలేదు, ఇక ఏదీ తనంతట తాను రాదు. ఎగిరేది మాస్టారి విమానం ఒక్కటే. సావిట్లో ఉప్పు కొలిచి పంచుతున్నారు. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, ఆ నవ్వులకే నాకు భయమేస్తోంది. ముసలి అసిరయ్య తాత చెయ్యి పట్టుకుని, “నువ్వు దిగిపోతావమ్మా. మనోలు గుమ్మంకాడికొచ్చి ఎనక్కెళ్లిన్ది ఉందేటి?” అన్నాడు.

దినం 100

పది రోజులుగా పాలవెల్లి మా రన్‌వే ఎక్కి కూర్చుంది. పరీక్ష వాయిదా వేస్తూ వేస్తూ ఆఖరి రోజుకు తెచ్చారు. మబ్బు లేవకముందే మాస్టారు నన్ను పెద్దమెట్టకు తెచ్చి ఉంచారు, పొద్దున అక్కణ్ణుంచి ఇద్దరం బయల్దేరాం. చార్జింగు రెండు ప్రయత్నాలకు సరిపోతుంది, ఆ తర్వాత తిరిగి పెద్దమెట్టకు పోవలసిందే. మాస్టారు పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నారు. పరీక్ష అయ్యేదాకా ఆయన మాట్లాడరు.

మెట్ట మీదుగా దాటాను. కిందికి చూస్తే పల్చటి మబ్బులోంచి రన్‌వే, షెడ్డు, బారులు తీరిన జనం, అన్నీ కనిపించాయి. రెండువందల పదకొండు మందీ వచ్చినట్టున్నారు. రేడియోలో వదిన గొంతు, నలభై రోజుల తర్వాత.

“అగుపించినావు. రా.”

అలవాటు కొద్దీ అందో, వెనక జనం నిలబడ్డారని అందో నాకు తెలియదు. దూరం వెళ్లి తిరిగి, గీత పట్టుకుని దిగాను. 3,600. 3,500. ముందు తెలుపు. 3,400. తెలుపు. దీపాలు అక్కడే ఉన్నాయని నాకు తెలుసు, ఇప్పుడే నా కళ్లతో పైనుంచి చూశాను. ఇంకొక్క పదడుగులు. ఆ పదడుగుల్లో ఏముందో కూడా తెలుసు. 3,390.

లాగాను. విమానం ఇంకొంచెం దిగింది, కాగితంలో రాసినట్టే. తర్వాత ఎక్కింది. కింద మెట్టవాళ్లందరూ ఇంజను చప్పుడు వినుంటారు, దగ్గరికొచ్చి దూరమైపోవడం. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వాళ్లందరి మొహాన నేనే ఉమ్మేశాననిపించింది.

రేడియోలో చప్పుడు లేదు. రెండోసారి గీత మీదికి తిరిగాను. ఇదే ఆఖరు. ఇది పోతే వదిన కొర్లమెట్టకు, నేను జీలుగుమెట్టకు. 3,800కు దిగుతుండగా రేడియో పలికింది. పరిగెత్తి వచ్చిన ఆయాసం.

“దాలమ్మా. గుడిసికాడ లేను. దీపాల వరస మొదట్లోకొచ్చి నిలబడ్డాను. నువ్వు సూసినట్టు ఏటవాలుగా సూత్తన్నాను. ఏడు దీపాల్లో నాకు రెండే అగుపడతన్నాయి.”

వెనక ఎవరో మగమనిషి, ఆ మాట అనకే తల్లీ, అని అరుస్తున్నాడు. అసిరయ్య తాత గొంతులా ఉంది.

“రాకు దాలమ్మా,” అంది వదిన. “ఇయ్యాల రాకు. ఎల్లిపో.”

మా మెట్ట మీద ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. కళ్ల నీళ్లతో ముల్లు కనబడక, ఒక చేత్తో తుడుచుకుంటూ నడిపాను. అయినా 3,390 దాకా దిగాను, చూడ్డం నా పని కాబట్టి. తెలుపే. లాగాను.

పెద్దమెట్టలో దిగి, పరీక్ష పోయిందని ఏడుస్తూ కూర్చున్నాను. మాస్టారు నీళ్లిచ్చి, “సంఘం పంపిన కాగితం నీ దగ్గరుందా?” అన్నారు. ఉంది. “చదువు. పైకి.”

“అభ్యర్థి వందవ దినములోపు సొంత మెట్ట తేల్చుకునే ఎత్తును పాటించి దిగవలెను, లేదా పాటించి మరలిపోవలెను.”

రెండువందల పన్నెండు మందిమి ఆ కాగితం చదివాం. సావిట్లో గట్టిగా చదివి వినిపించాం. ఒక్కరి కంటికీ ఆ రెండో సగం ఆనలేదు. మరలిపోవడం అనేది ఎవరైనా మనిషిని చేయమనే పని అని మాలో ఎవరికీ తట్టనే లేదు.

“మీ చూపరి పేరేమిటమ్మా?” అన్నారు మాస్టారు, కలం మూత తీస్తూ. “నీ ఒక్కదానికి రాస్తే చాలదు. పైన ఎంత గొప్పవాళ్లున్నా, కింద రావద్దని చెప్పగల మనిషి లేని మెట్టకు నేను దారి ఉంచను.”

గొర్లె రవణమ్మ అని చెప్పాను. ఆయన నా పేరు కింద ఆ పేరు కూడా రాసి, చుక్కలమెట్టకు దారి ఉంచవచ్చు అని సంతకం చేశారు.

దినం 101

పొద్దున మాస్టారి విమానంలో నాలుగు బస్తాల ఉప్పుతో నేనొక్కదాన్నే బయల్దేరాను. మబ్బు అలాగే ఉంది గానీ కాస్త పల్చబడింది.

వదిన, “ఐదు అగుపడతన్నాయి. నీ ఇష్టం, నీ కళ్లు,” అంది.

దిగాను. 3,600. 3,500. తెలుపు. 3,450 దగ్గర తెలుపులో ఎక్కడో పసుపు మరక. కాదేమో అనుకున్నాను. మరక రెండైంది. మూడు. వరసగా, తిన్నగా, నా ముక్కుకు ఎదురుగా, ఆ గీత చివర ఎక్కడ ఉంటాయని చార్టులో రాశారో అచ్చం అక్కడే. నేను పుట్టక ముందు ఎవరో గీసిన గీత పట్టుకుని గుడ్డిగా వస్తే, అది నన్ను మా ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టింది. నా జన్మలో అంత అద్భుతం చూడలేదు. ఇంకోటి చూస్తానని కూడా అనుకోను.

చక్రాలు నేలకు తగిలాయి. జనం దూరంగా నిలబడ్డారు, దగ్గరికి రావాలో వద్దో తెలియనట్టు. అసిరయ్య తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదిన ఒక్కర్తే రన్‌వే వెంబడి నడిచి వచ్చింది. పది రోజులు తిండి లేని మనిషిలా ఉంది.

“కోపమేటే?” అంది. “నిన్న అందరి ముందూ నిన్ను రాకన్నాను.”

“నువ్వు రాకన్నావు గనకే ఈ రోజు వచ్చేను వదినా.”

ఆవిడ నా భుజం మీద ఒక్కటి చరిచింది. తర్వాత అక్కడే రన్‌వే మీద కూర్చుని, సన్యాసిరావు పేరు పెట్టి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి జనం వచ్చి బస్తాలు దించుకోవడం మొదలుపెట్టారు.